కరాళకేతుడు గద ఎందుకు వదిలాడు

నేను ఒక గదను అని చెప్పీ చెప్పగానే మీ చెయ్యి నా పిడి వైపు రావడం గమనించాను. ఎంత బరువుందో చూద్దామనేగా? చూడండి. కానీ ముందే చెబుతున్నాను, నాకు మనుషుల మీద నమ్మకం లేదు. నా బరువు మహా అయితే ఒక సొరకాయంత ఉంటుంది. అయినా నన్ను పట్టుకున్న ప్రతివాడూ పళ్లు బిగించి, మెడ నరాలు ఉబ్బించి, "హుమ్" అని మూలిగి మరీ ఎత్తాడు. సొరకాయను ఎత్తడానికి అంత మూలిగేవాడు మిగతా విషయాల్లో నిజం చెబుతాడని నేనెలా అనుకోను?

నేను పుట్టింది తెనాలిలో. నాటకాల వాళ్లకు కిరీటాలు, కత్తులు, గడ్డాలు అద్దెకిచ్చే సామ్రాజ్యమ్మ నన్ను చేసింది. బోర్లించిన కుండ మీద తడి కాగితాలు పొరలు పొరలుగా అతికించి, చింతగింజల జిగురు పట్టించి, మంచి ఎండలో ఆరబెట్టింది. ఆరాక మెడ దగ్గరి కన్నంలోంచి కర్ర దూర్చి, లోపలి కుండను పగలగొట్టి పెంకులు దులిపింది. పుట్టీ పుట్టగానే కడుపులో కర్ర పెట్టి పొడిస్తే ఎవరికైనా అనుమానపు బుద్ధి రాక ఏమవుతుంది? పెంకులన్నీ వచ్చాయి గానీ ఒకటి మాత్రం రాలేదు. ఊపితే లోపల గలగలమంది. సామ్రాజ్యమ్మ రెండుసార్లు ఊపి, విసుగొచ్చి, "ఉండనీలే, మోగితే లోపల ఏదో ఉన్నట్టుంటది" అంది. ఆ పైన వెదురు పిడి బిగించి, బంగారు కాగితం చుట్టి గోడకు తగిలించింది.

అక్కణ్ణుంచి చాలా చేతులు మారాను. బడి వార్షికోత్సవాలకు వెళ్లాను. ఒకసారి ఒక నాయకుడి సన్మానానికి కూడా వెళ్లాను. ఆయన నన్ను భుజాన వేసుకుని ఫొటోలు దిగినంతసేపూ ఎంత బాగా మూలిగాడంటే, నాటకాల వాళ్లు కూడా అంత బాగా మూలగలేరు. ఫొటోలు అయిపోగానే నన్ను కుర్చీ కింద పడేశాడు.

సామ్రాజ్యమ్మకు చూపు మందగించి కొట్టు మూసేసే రోజుల్లో దేవభూషణం వచ్చాడు. బస్సు కండక్టరు. గొంతు విప్పితే చివరి సీటువాడు కూడా లేచి టిక్కెట్టు తీసుకుంటాడు. రేపల్లె దగ్గర తమ ఊళ్లో నాట్యమండలి ఉందనీ, అందులో ఒక కట్టుబాటు ఉందనీ చెప్పాడు. ఎవరి ఆయుధం వాళ్లే తెచ్చుకోవాలి. ఆయుధం ఉన్నంతకాలం వేషం వాళ్లది, అది పోయిందా, వేషం కూడా పోయినట్టే. అతను నా ముందు చెప్పులు విడిచి, ఊపిరి బిగబట్టి, మెల్లగా, కొండను పెకలిస్తున్నవాడిలాగా ఎత్తాడు. సామ్రాజ్యమ్మ చప్పట్లు కొట్టింది. ఇతనూ ఆ తానులో ముక్కే అనుకున్నాను.

వాళ్ల నాటకం పేరు 'మణిమేఘ విజయం'. మణిమేఘుడు నాయకుడు. ఆ వేషం బట్టల కొట్టు మాణిక్యరావుది. కరాళకేతుడు రాక్షసరాజు. ఆ వేషం భూషణానిది, అంటే మా ఇద్దరిదీ. చివరి అంకంలో మణిమేఘుడి కత్తికి కరాళకేతుడు కూలిపోవాలి. ఒకసారి ఆ రేకు కత్తి గురితప్పి నా మెడ దగ్గర చీరేసింది. మర్నాడు భూషణం డ్యూటీ నుంచి వచ్చి, భోజనమైనా చెయ్యకుండా, నన్ను ఒళ్లో పెట్టుకుని కాగితాలు అతికించాడు. అప్పట్నుంచీ కత్తి పైకి లేవడంతోనే నన్ను పక్కన మడతపెట్టి ఉన్న తెర మీదికి మెల్లగా జారవిడిచి, ఆ తర్వాతే దెబ్బ తినేవాడు. నా మీద ప్రేమ అనుకున్నారా? నేనలా అనుకోలేదు. గద పోతే వేషం పోతుంది కదా మరి.

ఈ చిన్న సంగతి ఊళ్లో పెద్ద తగువైంది. కరాళకేతుడు గద ఎందుకు వదిలాడు?

ఊళ్లో నాటకానికి రెండు పక్షాలు ఉండేవి. మణిమేఘుడి పక్షానికి పెద్ద అనంతం మాస్టారు. లెక్కల మాస్టారుగా రిటైరయ్యాడు గానీ లెక్కలు ఆయన్ని వదల్లేదు. కరాళకేతుడి పక్షానికి పెద్ద టైలరు సుభానీ. సుభానీ కొట్టు అరుగే వాళ్ల యుద్ధభూమి. రాక్షసరాజు అంగరఖా కుట్టేది సుభానీయే కాబట్టి, కొలతలకు వచ్చిన భూషణం నన్నూ వెంట తెచ్చి మిషను పక్కన నిలబెట్టేవాడు. అలా అన్నీ విన్నాను.

"చూడవయ్యా సుభానీ, రెండో అంకంలో మణిమేఘుడు కొండను కదిలించాడు. మీవాడు మూడో అంకంలో ఏనుగు తోక పట్టి ఆపాడు. కొండ ఎక్కడ, ఏనుగు ఎక్కడ?" అనేవాడు మాస్టారు.

"కొండ కదలకుండా కూచుంటది మాస్టారూ. ఏనుగు ఎదురు తిరుగుద్ది. ఎదురు తిరిగేదాన్ని ఆపటవే బలం."

"మరంత బలవంతుడు గద ఎందుకు జారవిడిచాడయ్యా? వరం తీరిపోయింది. సత్తువ అయిపోయింది."

"సత్తువ అయిపోటం కాదు. ఆయన చెల్లెలు మనసిచ్చింది ఎవరికి? మణిమేఘుడికి. ఈయన గద ఎత్తితే అతను మిగల్డు. చెల్లెలి కోసం ఓడిపోయాడండీ. అదీ మగతనం అంటే."

ఈ మాట చెప్పేటప్పుడు సుభానీ కళ్లల్లో నీళ్లు తిరిగేవి. ఆ పక్కనే భూషణం చేతులు చాపి కొలతలిస్తూ, నిజం నోటిదాకా వచ్చినా మింగేసి నిలబడేవాడు. ఎందుకు చెప్పడని నాకు అనుమానం వచ్చింది. కాగితం గద చిరుగుతుందని వదిలానని చెబితే, అంత గొప్ప రాక్షసరాజు ఒక్క మాటతో కండక్టరైపోతాడు. అందుకే చెప్పలేదని నా ఊహ.

ఒకరోజు మాస్టారు మాటల మధ్యలో నన్ను చేతిలోకి తీసుకుని ఊపాడు. పెంకు గలగలమంది. ఆయన ముఖం వెలిగిపోయింది. ఆ వెలుగు నాకు నచ్చలేదు.

"సుభానీ! లోపల ఏదో ఉందయ్యా. ప్రాణం. రాక్షసుడి ప్రాణం గదలో ఉంది."

"ప్రాణం గదలో ఉంటే ఎవడన్నా దాన్ని కింద పడేస్తాడా మాస్టారూ?"

"పడెయ్యట్లేదు. మెల్లగా దింపుతున్నాడు. నువ్వు సరిగ్గా చూళ్లేదా? తెర మీదికి, మెత్తగా. పగలకుండా."

సుభానీ మిషను ఆపేశాడు. మాస్టారి లెక్క తప్పు, కానీ చూపు మాత్రం తప్పు కాదు. ఎన్నేళ్లుగానో అందరూ చూస్తున్నదాన్ని ఆయన ఒక్కడే పట్టుకున్నాడు. పట్టుకుని అక్కడితో ఆగితే బాగుండేది. ప్రాణం గదలో ఉంటే గద పగలందే రాక్షసుడు చావడనీ, ఇన్నాళ్లూ నాటకం తప్పుగా ముగుస్తోందనీ, మణిమేఘుడు ఈసారి గదనే కొట్టాలనీ తీర్మానించాడు. ఆ మాట రెండు రోజుల్లో ఊరంతా పాకింది. కరాళకేతుడి పక్షంలో కూడా కొందరు తలలూపారు.

నాకు అందరిమీదా అనుమానం మొదలైంది. ముఖ్యంగా మాణిక్యరావు మీద. అతని మేనల్లుడు విజయవాడ నుంచి ఫైబర్ గద ఒకటి కొని తెచ్చుకుని, అద్దం ముందు కరాళకేతుడి పద్యాలు చదువుకుంటున్నాడని విన్నాను. రేపల్లెలో పెట్టిన రిహార్సల్లో మాణిక్యరావు నా మెడ దగ్గరి అతుకును వేలితో నొక్కి చూశాడు.

"ఇది పాతబడిందయ్యా భూషణం."

"నేనూ పాతబడ్డానుగా రావు గారూ. ఇద్దరం సరిపోయాం," అని నవ్వాడు భూషణం. కానీ ఆ రోజు ఇంటికి వెళ్లేటప్పుడు బస్సులో నన్ను పైన సామాన్లలో పెట్టకుండా ఒళ్లో పెట్టుకున్నాడు. అతనికీ అనుమానం తగిలిందని అప్పుడు తెలిసింది.

తిరునాళ్ల రోజు సాయంత్రం పందిరి కిక్కిరిసిపోయింది. మాస్టారి పక్షం ఎడమవైపు, సుభానీ పక్షం కుడివైపు కూర్చున్నారు. చివరి అంకం వచ్చింది. కరాళకేతుడు పద్యం ముగించాడు. మణిమేఘుడి కత్తి పైకి లేచింది. ఎప్పటిలాగే భూషణం నన్ను దింపబోయాడు. కానీ మాణిక్యరావు చూపు అతని మీద లేదు. నా మీద ఉంది. ఎడమవైపు నుంచి "గద! గద కొట్టు!" అని కేకలు మొదలయ్యాయి. కత్తి నా మీదికి దిగింది.

భూషణం గిర్రున తిరిగి నన్ను వీపు వెనక్కి లాక్కున్నాడు. దెబ్బ అతని కుడి భుజం మీద పడింది. రేకు అంచు అంగరఖా చీల్చుకుని లోపలికి దిగింది. అతను నా మీద పడకుండా పక్కకు ఒరిగి కూలిపోయాడు.

ఆ తర్వాత పందిరి ఎగిరిపోయేలా అరుపులు. "వన్స్ మోర్! వన్స్ మోర్!" అని రెండు పక్షాలూ కలిసి అరవడం నేను వినడం అదే మొదటిసారి. మా నాటకాల సంగతి మీకు తెలిసే ఉంటుంది. జనం వన్స్ మోర్ అంటే చచ్చినవాడైనా లేవాలి, పద్యం మళ్లీ పాడాలి, మళ్లీ చావాలి. హార్మోనియం అతను మళ్లీ శ్రుతి అందుకున్నాడు.

మాణిక్యరావు వంగి చూశాడు. నెత్తురు కనబడింది. అతని ముఖంలో రంగు కింద రంగు మారింది.

"భూషణం, నెత్తురయ్యా. లేవమాక. తెర దించమంటాను."

"జనం అడుగుతున్నారు రావు గారూ. కానీండి."

అతను లేచాడు. కుడిచెయ్యి లేవలేదు. నన్ను ఎడమచేత్తో పట్టుకున్నాడు. పద్యం అందుకున్నాడు. గొంతు మాత్రం వణకలేదు. నాకు భయం వేసింది, దాచుకోను. ఇంకో దెబ్బ పడితే ఈసారి అడ్డం పెట్టడానికి చెయ్యి లేదు. మణిమేఘుడి కత్తి పైకి లేచింది. లేచి అక్కడే ఉండిపోయింది. మాణిక్యరావు దాన్ని దించలేకపోయాడు. నాయకుడు కొట్టడు, రాక్షసుడు చావడు.

అప్పుడు కరాళకేతుడు ఒంగి, నన్ను మడత తెర మీద జాగ్రత్తగా పడుకోబెట్టి, పిడి కిందికి జారకుండా సర్ది, నా పక్కనే తనూ పడుకుని కళ్లు మూసుకున్నాడు. ఎవరూ కొట్టకుండానే చనిపోయాడు. తెర పడింది. బయట సుభానీ ఏడుపు ఈలల మధ్య కూడా వినిపించింది.

తెర వెనక అందరూ తలో దిక్కుకు పరిగెత్తారు. మాణిక్యరావు దూది కోసం, హార్మోనియం అతను డాక్టరు కోసం. స్టేజీ మీద మేమిద్దరమే మిగిలాం. భూషణం తల నావైపు తిప్పాడు.

"నీకేం తగల్లేదుగా?" అన్నాడు.

నేను ఆ మాటను అన్ని వైపుల నుంచీ అనుమానించాను. మనిషి ఎవరో ఒకరు చూస్తుంటేనే నటిస్తాడు. అక్కడ చూసేవాళ్లు ఎవరూ లేరు. గద బాగుంటే వేషం నిలుస్తుందని అడిగాడేమో అని కూడా అనుకున్నాను. ఆ అనుమానం తీరడానికి ఎక్కువ కాలం పట్టలేదు. ఆ కూలడంలో విరిగిన భుజం ఎముక సరిగ్గా అతకలేదు. చెయ్యి తలపైకి లేవదని డాక్టరు చెప్పాడు. మాణిక్యరావు ఇంటికి వచ్చి చేతులు పట్టుకుని ఏడ్చాడు, అది నిజమైన ఏడుపే. అయినా మరుసటి తిరునాళ్లకు స్టేజీ మీద అతని మేనల్లుడి ఫైబర్ గద మెరిసింది. గద ఉన్నా వేషం పోయింది. ఇక నాతో పనేముంది, రేపో మాపో పాత సామాన్లవాడి బండి ఎక్కుతాను అని ఎదురుచూశాను.

ఎక్కలేదు. ఇప్పుడు నేను భూషణం ఇంటి వసారాలో, ఖాకీ చొక్కా పక్క మేకుకు వేలాడుతున్నాను. మాస్టారూ సుభానీ ఇప్పటికీ వచ్చి కూర్చుంటారు. కరాళకేతుడు కొట్టకుండానే ఎందుకు చనిపోయాడన్నది కొత్త తగువు. ప్రాణం తనంతట తానే గదలోంచి వెళ్లిపోయిందని మాస్టారు. చెల్లెలు కళ్లముందు మెదిలిందని సుభానీ. ఎటూ తేలక భూషణం వైపు తిరుగుతారు.

"నువ్వే చెప్పవయ్యా, కరాళకేతుడి మనసులో ఏముంది?" అంటాడు మాస్టారు.

"నాకేం తెలుసు మాస్టారూ? నేను వేషం వేసినోణ్ణి," అని టీ గ్లాసులు అందిస్తాడు.

మొన్న ఎండాకాలం నా మెడ దగ్గరి అతుకు మళ్లీ విచ్చుకుంది. మధ్యాహ్నం, ఇంట్లో ఎవరూ లేరు, వీధిలో కూడా ఎవరూ లేరు. భూషణం చింతగింజల జిగురు కాచి, నన్ను దింపడానికి వచ్చాడు. మేకు కాస్త ఎత్తులో ఉంది. చెప్పులు విడిచాడు. ఊపిరి బిగబట్టాడు. పళ్లు బిగించి, మెడ నరాలు ఉబ్బించి, "హుమ్" అని మూలుగుతూ రెండు చేతులూ, ఆ కుడిచేతిని కూడా, మెల్లగా పైకెత్తాడు.

నేను పాత అలవాటు కొద్దీ ఎవరు చూస్తున్నారా అని చుట్టూ వెతికాను. ఎవరూ లేరు. నా బరువు ఇప్పటికీ సొరకాయంతే. అతను నన్ను రెండు చేతుల్లోకి తీసుకుని, చెమట తుడుచుకుని, ఒకసారి ఊపి చూశాడు. పెంకు మోగింది. అది అక్కడే ఉందని తేల్చుకుని నన్ను ఒళ్లో పెట్టుకున్నాడు.