సైరన్ నోట్లో గుడ్డ

మా బావ పడిపోయింది పొద్దున పదిన్నరకి. పదకొండు కొట్టేసరికి ఆయన తాగి ఉన్నాడని కాగితం తయారైపోయింది. అంబులెన్సు మాత్రం పన్నెండు దాటితే గానీ రాలేదు.

నేను పక్కనే ఉన్నాను. చమురు కోసం రిగ్గు యంత్రం నేలను తొలుస్తుంటే కిందినుంచి బురద పైకి వస్తుంది. ఆ బురదను జల్లెడ పట్టి ట్యాంకులోకి వదలడం మా పని. బావ ట్యాంకు అంచున కూచుని జల్లెడలో ఇరుక్కున్న రాళ్లు ఏరుతున్నాడు. బురదతో పాటు గ్యాస్ తన్నుకొచ్చింది. గాలి నా వైపు నుంచి వీస్తోంది గనక నేను బతికాను. ఆయన నా వైపు తిరిగి ఏదో అనబోయి, అనకుండానే ముందుకు వాలిపోయాడు. మత్తుగా ఉంటుందని దగ్గు మందు కూడా తాగని మనిషి.

షిఫ్టు ఇంజనీరు రిజిస్టరు చంకలో పెట్టుకుని వచ్చాడు. "సైరన్ మోగలేదు. మోగలేదంటే గ్యాస్ లేదు. గ్యాస్ లేదంటే మీవాడు తాగి వచ్చినట్టే," అన్నాడు. నేను నోరు విప్పలేదు. ఎందుకు విప్పలేదో చెప్పడానికే ఇదంతా.

ట్యాంకు పైన ఒక సైరన్ ఉంది. గ్యాస్ వాసన తగిలితే చాలు, మోగాలి. మొదటి ఏడాది రోజుకి పదిసార్లు మోగేది. మోగిన ప్రతిసారీ పని ఆపి, అందరం గేటు దగ్గర బోర్డు కింద నిలబడాలి. తలలు లెక్కపెట్టి, ఇంజనీరు సరే అంటేనే మళ్లీ లోపలికి. ఈ లెక్కన నేలలోకి ఎంత దిగుతాం? ఎవరి షిఫ్టులో ఆగడం ఎక్కువైతే ఆ షిఫ్టు మొత్తాన్నీ ఇంటికి పంపేస్తానన్నాడు కాంట్రాక్టరు. ఒకనాడు తలెత్తి సైరన్ వంక చూసి, "దీని నోరు ఎవరైనా మూయండ్రా," అని వెళ్లిపోయాడు. అంతకుమించి ఏమీ అనలేదు. అనాల్సిన అవసరమూ లేకపోయింది.

మేమే మూశాం. చేతులు తుడుచుకునే జిడ్డు గుడ్డను ఆ గొట్టంలో కుక్కి వైరుతో బిగించేవాళ్లం. ఇక లోపల ఎంత అరిచినా బయటికి పిల్లికూత. పైవాళ్లు తనిఖీకి వచ్చే రోజున తీసేసేవాళ్లం. దీనికో పద్ధతి కూడా పెట్టుకున్నాం. దిగే షిఫ్టు తన గుడ్డ తను పట్టుకుపోవాలి, ఎక్కే షిఫ్టు తన గుడ్డ తను కట్టుకోవాలి. ఒకరి పాపం ఇంకొకరికి అంటకూడదట. అంత నీతిమంతులం.

ఆ పొద్దున గుడ్డ కట్టింది నేను.

బావ మూడో రోజు ఆసుపత్రిలో పోయాడు. ఆయన పోయిన నాలుగో రోజు సాయంత్రం సైకిల్ షాపు వెనక గదిలో కూడాం. రిగ్గు వాళ్లం పన్నెండు మందిమి, బావను పోగొట్టుకున్న మా అక్క, పక్క కాలనీ ఆడవాళ్లు, కాలేజీలో చదివే ఒకమ్మాయి. రెండు రోజుల్లో బడి మైదానంలో ప్రభుత్వం సభ పెడుతోంది. ఇక్కడే ఇంకో ఆరు బావులు తవ్వాలట, జనం అభిప్రాయం కావాలట.

"ఒక్కటి కూడా తవ్వనివ్వకూడదు," అంది కాలేజీ అమ్మాయి.

"రిగ్గు మూస్తే మా పొయ్యిలో పిల్లి లేస్తుందా? నీకేం తల్లీ, పుస్తకం మూసి ఇంటికి పోతావు," అన్నాడు వెల్డరు.

మా అందరికంటే పెద్దవాడు డ్రిల్లరు తాత. ముప్పై ఏళ్లుగా నేలను తొలుస్తున్నాడు. నవ్వుతూ అడిగాడు. "నువ్వొచ్చిన బస్సు దేనితో నడిచిందమ్మా?"

"డీజిలుతోనే తాతా. వేరే బస్సు ఉంటే అదే ఎక్కేదాన్ని. ఆ వేరే బస్సు రానివ్వంది ఎవరు? దాని సంగతి ఈ సభలో ఒక్కడైనా ఎత్తుతాడా?"

తాత నవ్వడం మానేశాడు.

"మన ఆయిలు మనమే తీసుకుంటే దేశానికి మంచిది అంటున్నారు కదా," అన్నాడు ఇంకెవరో.

మూల నుంచి అక్క మాట్లాడింది. వచ్చినప్పటినుంచి అదే మొదటి మాట. "మా చేతిపంపు కొడితే కిరసనాయిలు కంపు. మేం ఆ దేశంలో లేమా? సరే, అది తర్వాత. నాకొకటి చెప్పండి. సైరన్ ఎందుకు మోగలేదు?"

రిగ్గు వాళ్లందరం నేల చూపులు చూశాం. చెప్పకపోతే ఆమెకి ఎప్పటికీ తెలియదు, చెబితే ఆమె ముఖం మళ్లీ ఎలా చూడాలో నాకు తెలియదు.

"నేనే గుడ్డ కట్టానక్కా."

ఆమె కొట్టలేదు, తిట్టలేదు. మొత్తం చెప్పమంది. చెప్పాను. విని, "మీ బావకి తెలుసా?" అంది.

"తెలుసు. వైరు అందించింది ఆయనే."

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత అంది. "ఆయన తాగలేదని ఆ కాగితం మారాలి. నువ్వు ఈ మాట సభలో చెబుతావా?"

"చెబితే వీణ్ణే లోపలేస్తారు. కాంట్రాక్టరు చేతులు దులుపుకుంటాడు," అన్నాడు తాత.

"మరి మీ గుడ్డలేవి? మీ షిఫ్టుల్లో కట్టలేదా? వీడొక్కడే చెబితే వీడి తప్పు. మూడు షిఫ్టులూ చెబితే, ఎవరి కోసం కట్టారని అడగాల్సొస్తుంది."

ఒక్కొక్కరే చెప్పులు వెతుక్కున్నారు. లేచి వెళ్లేటప్పుడు తాత మాత్రం గుమ్మం దగ్గర ఆగి, "సభ రోజు పగటి షిఫ్టుతో నేను మాట్లాడతాను," అన్నాడు.

సభ నాడు మైదానం నిండిపోయింది. పైనుంచి వచ్చిన పెద్దమనిషి మైకు పట్టుకున్నాడు. "పరాయివాళ్ల చమురు కోసం ఎన్నాళ్లు చెయ్యి చాస్తాం? మన కాళ్ల కింద ఉన్నది మనం తీసుకోవద్దా?" చప్పట్లు మారుమోగాయి. మావాళ్లూ కొట్టారు. వాళ్లని చూసి నేను నవ్వలేను, నాలుగేళ్ల కిందట ఇదే మాటకి ఇదే మైదానంలో నేనూ కొట్టాను. తీసేది ఎవరు, తీసుకునేది ఎవరు అని అప్పుడు అడగడం తెలియలేదు.

అక్క మైకు దగ్గరికి వెళ్లింది. "మా ఆయన తాగలేదు."

ఇంజనీరు రిజిస్టరు తెరిచాడు. "సైరన్ మోగలేదమ్మా. ఇదిగో, రాసి ఉంది."

నేను లేచాను. జేబులోంచి జిడ్డు గుడ్డ తీసి పైకెత్తాను. "మోగనివ్వలేదు. ఇది దాని నోట్లో కుక్కాం. మూడేళ్లుగా రోజూ కుక్కుతున్నాం."

సభ నడిపే అధికారి కళ్లజోడు సవరించుకున్నాడు. "అంటే మీ బావ చావుకి కారణం నువ్వేనని ఒప్పుకుంటున్నావు."

"నా చెయ్యి ఉందని ఒప్పుకుంటున్నాను. మిగతా చేతులు కూడా రాసుకోండి."

వెనక్కి తిరిగి చూశాను. ఒక్కరూ లేవలేదు. వెల్డరు తల దించుకున్నాడు. ముందు వరుసలో కాంట్రాక్టరు కాలు మీద కాలేసుకున్నాడు. పోలీసు నా జబ్బ పట్టుకున్నాడు. నా పని ఇంతేననుకున్నాను.

అప్పుడు రిగ్గు వైపు నుంచి కూత లేచింది. చెవులు చిల్లులు పడే మోత.

"ఏంటా మోత?" అంది కాలనీ ముసలావిడ. రిగ్గు గోడకి ఆనుకునే ఆమె ఇల్లు. మూడేళ్లుగా చెవిన పడక ఆ సైరన్‌ని ఆమె మరిచేపోయింది. కాలనీ అంతా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"టెస్టింగ్," అన్నాడు ఇంజనీరు. ఎవరూ అతని వంక చూడలేదు.

రిగ్గు తొలవడం మానేసింది, కాళ్ల కింద నేల అదరడం ఆగిపోయింది. దూరంగా పగటి షిఫ్టు వాళ్లు ఒక్కొక్కరే నడిచి వచ్చి గేటు దగ్గర బోర్డు కింద నిలబడ్డారు. కాంట్రాక్టరు రాయించిన రూలే అది. అతను కుర్చీలోంచి లేచి, "ఎవడ్రా అక్కడ, కట్టండ్రా దాన్ని," అని అరిచాడు. మైకు తెరిచే ఉంది. ఆ మాట మైదానం మొత్తం విన్నది.

డ్రిల్లరు తాత లేచి జేబులోంచి గుడ్డ తీశాడు. "రాత్రి షిఫ్టు. నా పేరు రాసుకోండి." తర్వాత వెల్డరు లేచాడు. ఆ తర్వాత ఎంతమంది లేచారో నేను చూడలేకపోయాను, అప్పటికే నన్ను జీపులోకి తోసేశారు.

అక్క జీపు దాకా వచ్చింది. నన్ను క్షమించిందో లేదో ఈనాటికీ నాకు తెలియదు, అడగలేదు. "ఆ కాగితం మార్చేదాకా ఈ మైదానం వదలను. నువ్వు కూడా లోపల మాట మార్చకు," అంది. ఆమె వెనక కాలనీ ఆడవాళ్లు ఒక్కొక్కరే నేల మీద కూచుంటున్నారు.

జీపు మలుపు తిరిగింది. సైరన్ ఇంకా మోగుతూనే ఉంది. దాని నోరు మూయడానికి రిగ్గు మీద ఒక్కడూ లేడు.