డాబా మీద నీళ్ళు

నా పని వినడానికి గొప్పగా ఉంటుంది: ఊరు పీల్చే గాలిని కొలవడం. నిజానికి ఉన్నది ఆఫీసు డాబా మీద ఒక మిషన్. దాని గొట్టం రోజంతా గాలిని లాక్కుంటుంది. అందులో దుమ్మెంతో కింద కూడలి బోర్డు మీద అంకె పడుతుంది. తక్కువైతే పచ్చరంగు, ఎక్కువైతే ఎరుపు. వడపోత కాగితం మార్చడం, గొట్టం తుడవడం నా వంతు.

బోర్డుకు ఎదురుగా రెండో అంతస్తులో అక్క, బావ. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. నాకు యాభై దగ్గరపడినా "బుడ్డోడా" అనే పిలిచేది. తనకు ఆయాసం. కంటికి కనబడని సన్నదుమ్ము ఊపిరితిత్తులు దాటి రక్తంలోకి పోతుందనీ, గుండెనూ దెబ్బతీస్తుందనీ, బోర్డు ఎర్రగా ఉంటే కిటికీ తెరవొద్దనీ డాక్టరు గట్టిగా చెప్పాడు. అక్క అక్షరాలా అలాగే చేసేది.

ఏడాది క్రితం తనిఖీ ఉందని, ఒక్కరోజుకేనంటూ మా ఆఫీసరు నా చేతికి నీళ్ళ పైపు ఇచ్చాడు.

"గొట్టం చుట్టూ గాల్లోకి కొట్టవయ్యా. దుమ్ము అణుగుతుంది, అంకె దిగుతుంది."

"మరి ఊళ్ళో గాలి సంగతేంటి సార్?"

"ఊరితో నీకేం పని? నీ జీతం డాబా వరకే."

అంకె దిగింది. ఆ ఒక్కరోజు అన్నది రోజూ పదింటి పనై కూర్చుంది. ఉద్యోగం పోతుందని భయం. అంతకు మించి చెప్పుకోవడానికి నా దగ్గరేమీ లేదు.

అక్కకు ఆయాసం ముదిరింది. డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను.

"కిటికీలు తెరుస్తున్నారా అమ్మా?"

"పచ్చరంగు చూశాకే డాక్టరు గారూ. అది మా తమ్ముడి మిషన్. అబద్ధం చెప్పదు."

పక్క కుర్చీలోనే ఉన్నాను. మందుల చీటీ అందుకుని మడతపెట్టాను. బయటికొచ్చాక మాత్రం, "ఎందుకైనా మంచిది, కిటికీ మూసే ఉంచక్కా," అన్నాను.

"నీ పని మీద నీకే నమ్మకం లేదట్రా బుడ్డోడా!" అని నవ్వింది. నవ్వు సగంలోనే దగ్గయింది.

ఒక మంగళవారం మధ్యాహ్నం, తెరిచిన కిటికీ పక్కన కుర్చీలోనే పోయింది. గుండె ఆగిందన్నారు. దుమ్మే చంపిందని ఎవరూ రాసివ్వలేదు. నాకు ఎవరూ రాసివ్వక్కర్లేదు. ఆరోజు బోర్డు పచ్చగా ఉంది. మిషన్‌లోంచి తీసిన కాగితం మాత్రం, అన్ని నీళ్ళు కొట్టినా, పొయ్యి మసిలా ఉంది. పారేయలేక చొక్కా జేబులో పెట్టుకున్నాను. ఇప్పటికీ చొక్కా మార్చినప్పుడల్లా దాన్నీ ఆ జేబులోంచి ఈ జేబులోకి మారుస్తాను.

ఆ తర్వాత కూడా పది కాగానే నీళ్ళు కొట్టాను, సిగ్గులేనివాణ్ణి. కాకపోతే కిటికీకి వీపు తిప్పి కొట్టేవాణ్ణి. వెనక కుర్చీ జరిగిన చప్పుడు వినిపించేది. వీధిలో అంత రొదలో, అంత దూరపు కుర్చీ ఎలా వినిపిస్తుంది? అయినా వినిపించేది. వెంటనే దగ్గు. నిన్న తెగించి తిరిగి చూశాను. బావ. అక్క కుర్చీలోంచి లేచి, బోర్డు చూసి, కిటికీ బార్లా తెరిచి దగ్గుతున్నాడు.

ఇవాళ పైపు ముట్టుకోలేదు. పదకొండుకల్లా బోర్డు ఎర్రబడింది. ఆఫీసరు దగ్గర్నుంచి ఫోను మోగి మోగి ఆగింది. ఎదురుగా బావ కిటికీ మూశాడు. హమ్మయ్య అనుకున్నాను. మళ్ళీ ఫోను. ఈసారి బావ.

"ఏంటోయ్ బామ్మర్దీ, ఒంట్లో బాగాలేదా? మొక్కలకు నీళ్ళు పెట్టలేదేం?"

"ఏ మొక్కలు బావా?"

"అదే, డాబా మీద పెంచుతున్నావుగా. పిట్టగోడ అడ్డమొచ్చి మాకు కనబడవనుకో. నువ్వు పైపు పట్టుకోవడం మీ అక్క రోజూ ఈ కిటికీలోంచే చూసేది. మా బుడ్డోడి మొక్కల వల్లే గాలి బాగుపడిందని మురిసిపోయేది పిచ్చిది."

మూసిన అద్దాల మీద ఎండ పడుతోంది. వాటి వెనక కుర్చీలో ఎవరున్నారో ఇక్కణ్ణుంచి తెలియడం లేదు.

"మొక్కలు లేవు బావా," అన్నాను. "ఎప్పుడూ లేవు. నేనొస్తున్నా, అంతా చెబుతా. అప్పటిదాకా కిటికీ తెరవొద్దు."