నాలుగొందల మంది సాక్షులు

మధ్యాహ్నానికి యాభయ్యో ముక్క కోసేసరికి ఆమె వేళ్ళు కొయ్యబారాయి. గడ్డకట్టిన ఎలుక మెదడును వెంట్రుకకన్నా పలచగా కోసి గాజుపలక మీదికి ఎత్తాలి. గట్టిగా ఊపిరి వదిలినా ముక్క ముడతపడుతుంది. పదకొండేళ్ళుగా ఇదే పని. ఏటేటా ఒప్పందం కాగితం, దాని మీద పెద్దసారు సంతకం. ఈ ఏటిది వచ్చేవారంతో ముగుస్తుంది.

ఆ పెద్దసారే రెండు టీలు పట్టుకుని కిందికి వచ్చాడు. టీ తేవడం మాట దేవుడెరుగు, ఇన్నేళ్ళలో కూర్చోమన్న పాపాన పోలేదాయన.

"కాస్త ఆగమ్మా. నీ చెయ్యి లేకపోతే ఈ ల్యాబ్ ఎక్కడిది?" అన్నాడు.

ఆ తీపిమాట విన్నాక ఆమె టీ ముట్టుకోలేదు. తొట్టి దగ్గర గాజుపలకలు కడుగుతున్న పరిశోధక విద్యార్థిని వెనక్కి తిరిగి చూడలేదు. రోజూ "అక్కా, అక్కా" అని ప్రాణం తీసే పిల్ల! అదీ అనుమానంగానే తోచింది.

ఆయన చంకలోంచి పాత రిజిస్టరు తీశాడు. ఆరేళ్ళ కిందట మతిమరుపు జబ్బు మీద రాసి, ఆయన పేరు మోగించిన వ్యాసం తాలూకు రిజిస్టరు. ఇప్పుడెవరో అదే ప్రయోగం చేస్తే ఆ ఫలితం రాలేదట. అసలు లెక్కలు చూపమని ఆ వ్యాసం అచ్చువేసిన పత్రికవాళ్ళు ఉత్తరం రాశారని వారంగా గుసగుసలు.

"ఇక్కడో సంతకం పెట్టు. పాత సంగతే, మర్చిపోయుంటావు."

ఆమె కోసినట్టుగా ముప్పై ఆరు ఎలుకల వరస. సిరా ఇంకా నిగనిగలాడుతోంది.

"నేను కోసింది పన్నెండేనండీ. ఆ వేసవిలో ఫ్రీజరు చెడిపోయి మిగతావన్నీ కుళ్ళిపోయాయి గదా. ఆ కంపంతా నేనే కడిగాను."

"నీకు గుర్తు తప్పింది."

"తప్పలేదండీ. మూడ్రోజులు అన్నం సయించలేదు."

ఆయన కప్పు పక్కన పెట్టాడు. గొంతు మారింది. "నాలుగొందల పైచిలుకు మంది తమ వ్యాసాల్లో దీన్ని ఉదహరించారు. మందు తయారుచేసేవాళ్ళు దీన్నే పట్టుకుని ముందుకెళ్తున్నారు. వాళ్ళంతా నీకన్నా తెలివితక్కువవాళ్ళా?"

ఆ అంకె ఆమెకు కొత్త కాదు. అది పెరిగినప్పుడల్లా తన చేతిపనికే మెప్పు దక్కినట్టు ఇంట్లో చెప్పుకుని పొంగిపోయేది. ఇప్పుడు అంతమందీ తన పన్నెండు ఎలుకల మీద మేడలు కట్టుకున్నట్టనిపించింది. పిల్లల చదువులూ, పనిపోయి ఇంట్లో కూర్చున్న భర్తా కళ్ళముందు మెదిలారు.

"వాళ్ళు మిమ్మల్ని నమ్మారండీ. ఒక్కరూ ఎలుకల్ని లెక్కపెట్టలేదు. లెక్కపెట్టింది నేను."

"వచ్చేవారం నీ కాగితం నా బల్ల మీదికొస్తుంది."

"తెలుసండీ." ఆమె పెన్నుకు మూత పెట్టింది. "ఇది మాత్రం నా వల్ల కాదు."

ఆయన రిజిస్టరు లాక్కుని విసురుగా వెళ్ళిపోయాడు.

అప్పుడు తిరిగింది ఆ పిల్ల. ఆ వ్యాసం రాసినవాళ్ళలో మూడో పేరు ఆ పిల్లదే. డాక్టరేటు కూడా దాని మీదే రావాలి.

"అక్కా... నేను నిన్ననే సంతకం పెట్టేశాను."

తొట్టి నిండి నీళ్ళు నేల మీదికి పొర్లుతున్నాయి. కుళాయి కట్టాలని ఇద్దరికీ తోచలేదు.