చీనీ తోటలో తొట్టి

"తెల్లచీరకు ఇంత నీలిమందా? ఆకాశం మాదిరి చేసినావు గదే!" ఓబులమ్మ కోడలి మీద విరుచుకుపడింది.

"రెండేండ్లు పెట్టెలో పెడితే పసుపెక్కింది అత్తా, నేనేం చేయాల?" అంది ప్రిస్కిల్ల.

అది ఓబులమ్మ తన బాప్తిస్మానికి దాచుకున్న చీర. బాప్తిస్మానికి నీళ్లలో నిండా మునగాలి, ఊరి చెరువేమో ఎండిపోయింది. డ్యాము దాకా పోవడానికి ఓబులమ్మ మోకాళ్లు ఒప్పుకోవు. బాప్తిస్మం కానిదే చర్చిలో ప్రభు బల్ల రొట్టెలో వాటా లేదు. నెలనెలా రొట్టె పళ్లెం తనను దాటిపోతుంటే అత్త తల దించుకోవడం ప్రిస్కిల్ల చూస్తూనే ఉంది.

మధ్యాహ్నం చీనీ తోటలో, బత్తాయి చెట్ల నడుమ, మొగుడు సుంకన్న బోరు నీళ్లతో సిమెంటు తొట్టి నింపుతుంటే, ప్రిస్కిల్ల చీర కుచ్చిళ్లు దోపుకుని అందులోకి దిగింది. నీళ్లు నడుము దాకా వచ్చాయి.

"ఏమ్మే, ఏం చేస్తాండావు? చెట్లకే చాలక నేను చస్తాంటే!"

"అత్తను ఈడ ముంచితే నీళ్లు యాడికి పోతాయి? చెట్లకే గదా?"

సుంకన్న తొట్టి వంక, పెళ్లాం వంక చూసి పకపకా నవ్వాడు. అక్కడినుంచే పాస్టరుకు ఫోన్ చేశాడు.

సాయంత్రం అందరూ సంగటి తింటుండగా తల్లితో చెప్పాడు: "మా, ఆదివారం సంఘమంతా మన తోటకే వస్తాండారు. పాటలు పాడి, నీకు బాప్తిస్మమిచ్చి, ఆ నీళ్లు చెట్లకు వదుల్తాం."