ముప్పై రెండు దారులు

పదింటికి మూడో అంతస్తులో ఆమె అన్న మెదడులోంచి గడ్డ తీస్తారు. సర్జన్ చూస్తూ కోయవలసిన స్కానింగ్ బొమ్మలు ఆమె చూసుకునే సర్వర్‌లో ఉన్నాయి.

"నీ మిషను మొరాయించిందంటే ఇది గోవిందా, చెల్లాయ్," అని పొద్దున అన్న కణత మీద వేలితో కొట్టి చూపించాడు.

పాత డిస్కుల పెట్టెను నెల క్రితం పీకేశారు. దానికి వెళ్లే దారులు మాత్రం సర్వర్ జాబితాలో ఉండిపోయాయి. సర్వర్ ఆగి లేచినప్పుడల్లా ఒక్కో దారినీ తట్టి, జవాబు కోసం ఆగేది. మొన్న అలా నలభై నిమిషాలు బొమ్మలు రాలేదు. అందుకని ఈ ఉదయమే వాటిని తీసేయాలనుకుంది. చేతిలోని కాగితం మీద "చచ్చిన దారులు 32" అని ఉంది. రాసింది కేబుళ్ల పని చూసే పెద్దాయన. ఆయన అందరికీ బాబాయే.

తెర మీద చచ్చినవి ముప్పై నాలుగు కనిపించాయి.

ఐదుగురున్న చోటికి నాలుగు టీలు తెచ్చి "నాకొద్దులే" అనడం బాబాయ్‌కి అలవాటు. ఆఫీసులో ఏ అంకె తేడా వచ్చినా "బాబాయ్ లెక్క" అంటారు. ఆమె రెండుసార్లు లెక్కపెట్టింది. ముప్పై నాలుగే. అన్నీ తీసేసింది.

ఎక్కువ వచ్చిన ఆ రెండూ బొమ్మలున్న డిస్కుకి వెళ్లే దారులు. స్విచ్‌లు మార్చడానికి పక్కగదిలో బాబాయ్ దాని ఎడమ పక్క కేబుళ్లు అప్పుడే ఊడదీశాడు కాబట్టి అవీ చచ్చినట్టు కనిపించాయి. ఒక పక్క తీసినా రెండో పక్క నడుస్తుంది. అందుకే అది పగలే చేసే పని.

పదకొండున్నరకి బాబాయ్ ఫోన్ చేశాడు.

"అమ్మాయ్, ఎడమది బిగించా. చచ్చినవేమైనా ఉన్నాయా?"

"ఒక్కటీ లేదు బాబాయ్. తెర అద్దంలా ఉంది."

"అయితే కుడిది పీకుతున్నా."

"కానివ్వు."

జాబితాలోంచి తీసేసిన దారి, కేబుల్ బిగించినంత మాత్రాన తిరిగి రాదు. మళ్లీ వెతకమని సర్వర్‌కి చెప్పాలి. ఆమె చెప్పలేదు.

నిమిషంలో థియేటర్ నుంచి నర్సు ఫోన్.

"బొమ్మ పోయింది. తల తెరిచి ఉంది మేడమ్. ఎంతసేపు?"

బాబాయ్ కుడి కేబుళ్లు తిరిగి పెట్టాడు. డిస్కు కనిపించింది. కానీ ఏదో రాస్తుండగా మధ్యలో తెగిపోయిన డిస్కును సర్వర్ మొదటి నుంచి సరిచూసుకోవాలి.

"నలభై నిమిషాలు."

"డాక్టర్‌గారు అంతసేపు ఆగలేనంటున్నారు."

గడ్డ మొత్తం తీశారు. దాంతోపాటు పక్కన మాట పుట్టే చోటు కొంత పోయింది.

విచారణ గది బయట బాబాయ్ బెంచీ మీద కూర్చుని ఉన్నాడు.

"నేనే తప్పు రాశానేమోనమ్మా. నా సంగతి తెలిసిందేగా."

"లేదు బాబాయ్. ముప్పై రెండే."

నాలుగో రోజు వార్డులో వదిన, "ఎవరొచ్చారో చూడండి," అంది. అన్న చెల్లెలి వంక చూశాడు. పెదవులు కదిలాయి. కాసేపటికి ప్రయత్నం మానుకుని, కట్టు మీద వేలితో మెల్లగా కొట్టి చూపించాడు.