కోకిలక్క ఫోటో మీద చేయి

రత్నస్వామి పొద్దుటి నుంచీ మనుషుల ముఖాల మీద బాణం గుర్తు తిప్పుతూ కూర్చున్నాడు. మౌస్ కదిలితే తెర మీద బాణం కదులుతుంది. బతికున్నవాళ్ల ఫోటో మీదికి పోగానే ఆ బాణం వేలు చాచిన చేయిగా మారాలి. నొక్కితే వాళ్లకు ఫోన్ పోవాలి. పోయినవాళ్ల ఫోటో మీద మాత్రం బాణం బాణంగానే ఉండిపోవాలి. తిరువళ్లూరులోని ఆ మేడమీది ఆఫీసులో అతని పనంతా ఇదే. ఒకప్పుడు కన్నీటి అంజలి బ్యానర్లు అచ్చేసిన కొట్టు అది. ఇప్పుడు పోయినవాళ్లకు వెబ్ పేజీలు కడుతోంది. కాలం మారితే చావుకైనా సోకులు తప్పుతాయా!

మనిషిని చూడబోతే ఏముంది, బక్కపలచటి ఒళ్లు, అరిగిన కాలరు, బల్లకు రాసుకుని రాసుకుని కాయ కాసిన మణికట్టు. తిరుత్తణి నుంచి రైల్లో వచ్చి, పెరుగన్నం తిని, మళ్లీ రైల్లో పోతాడు. పెళ్లి చేసుకోలేదు. పెంచింది, వండిపెట్టింది, తిట్టింది అంతా కోకిలక్కే. కొండ కింద పూలు కట్టి అమ్మేది. ఆమె పోయాక ఆమె పేజీ తానే కట్టాడు. కొత్తగా వచ్చేవాళ్లకు నమూనాగా చూపించేదీ దాన్నే. అందులో ఒక తప్పు చేశాడు, కావాలనే చేశాడు: అక్క ఫోటో మీద చేయి వచ్చేలా పెట్టాడు. నొక్కితే ఏమీ తెరుచుకోదు. అయినా ఆ చేయి కనబడితే చాలు, అక్క పిలిస్తే పలికే చోటే ఉన్నట్టుండేది అతని ప్రాణానికి.

మధ్యాహ్నం జనని వచ్చి కుర్చీ పక్కన నిలబడింది. ఆఫీసు ఆమెదే.

“రత్నస్వామన్నా, ఎలవూరు కస్టమరు ఫోన్ చేసినాడు. మీ అక్క పేజీ చూసి వాళ్లమ్మ బెదిరిపోయినాదంట. చచ్చిపోయినామె మీద చేయొస్తాందే, నొక్కితే యాడికి పోతాము అని అడగతాంది.”

“యాడికీ పోరు పాపా. సుమ్మా, ఊరికే పెట్టినాను.”

“దారి లేని చోట చేయి చూపిస్తే మోసం కదన్నా. నీకు కష్టంగా ఉంటే నేను తీసేస్తా.”

“వద్దులే. నేనే తీస్తా.”

ఆమె టీ తాగడానికి మెట్లు దిగింది. రత్నస్వామి అక్క పేజీ తెరిచాడు. అక్కదని మిగిలింది అదొక్కటే, దాన్నీ తన చేత్తోనే చెరపాలి! ఉసూరుమంటూ కోడ్‌లో ఆ వరుస కొట్టేశాడు. పేజీ మళ్లీ తెరిచాడు. అక్క మీద బాణం. ఎంత కదిపినా బాణమే. కళ్లు తుడుచుకున్నాడు.

అలవాటు కొద్దీ అక్క ఫోటో కింద ఉన్న చుట్టాల ఫోటోలూ చూశాడు. పిన్నమ్మ మీద చేయి వచ్చింది. పక్కనే ‘తమ్ముడు’ అని తన ఫోటో. దాని మీద బాణమే! అదేమిటి? తన ఫోటో జోలికి తాను పోనేలేదు. కోడ్ చూస్తే అంతా సరిగ్గానే ఉంది. మళ్లీ తెరిచాడు. మళ్లీ బాణమే. రైలెక్కినప్పటి నుంచీ లాగుతున్న ఎడమ భుజం ఇప్పుడు మరీ లాగింది. ఫ్యాను తిరుగుతున్నా ఒళ్లంతా చెమట. ఎక్కడి నుంచో తడి మల్లెల వాసన వచ్చింది.

మెల్లగా బాణాన్ని పైకి, అక్క దగ్గరికి తీసుకుపోయాడు.

చేయి వచ్చింది.

కొట్టేసిన వరుస కొట్టేసినట్టే ఉంది. భయపడవలసిన వేళ అతనికి భయం వేయలేదు సరికదా, చిన్నపిల్లాడికి కలిగినంత సంతోషం కలిగింది.

“వస్తా ఉండక్కా,” అని నొక్కాడు.

జనని తిరిగి వచ్చేసరికి అతను బల్ల మీద తల వాల్చి ఉన్నాడు. కునుకు తీస్తున్నాడనుకుని తట్టింది. పలకలేదు. “అన్నా! అయ్యో, ఎవరైనా రండి!” అని కేక పెట్టింది. కింది కొట్లవాళ్లు వచ్చి మోసుకుపోయారు.

తెర మీద కోకిలక్క నవ్వుతోంది, ఆమె మీద చేయి అలాగే ఉంది. జనని చూడలేక మౌస్ తీగ పీకేసింది. తీగ ఊడిన మౌస్ బల్ల మీద పక్కకు ఒరిగి ఉంది, దాని అడుగున ఎర్రదీపం వెలుగుతూనే ఉంది.