సత్యప్రసాద్ బార

రెండువేల ఆరు వేసవి. భీమవరంలో ఓ ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో నలభై మంది టీచర్లకు సముద్రం పాఠాన్ని కంప్యూటర్ మ్యాపులతో చెప్పడం నేర్పుతున్నారు. ఆఖరి రోజున ఎవరి ఊరి కొలతలతో వారు పాఠం చెప్పాలి.

నరసాపురం దిగువన తీరపు హైస్కూల్లో సైన్సు చెప్పే సూర్యకళ ఒక నోటుబుక్కు తెచ్చుకుంది. అది ఆమె భర్త సత్యప్రసాద్‌ది. అదే స్కూల్లో సోషల్ చెప్పేవాడు. మూడేళ్లపాటు ఆదివారాలు జాలరి అప్పాజీ పడవెక్కి, తాడుకు సీసపు గుండు కట్టి సముద్రంలోకి దించి, లోతులు రాసుకున్నాడు. కొలిచిన చోటు గుర్తుకి, లైట్‌హౌసూ గుడి గోపురమూ ఏ దిక్కున కనిపిస్తున్నాయో దిక్సూచితో చూసి పక్కనే వేసుకున్నాడు. కిందటి కార్తీకంలో జ్వరం వచ్చి పోయాడు.

"ఇవి మీటర్లేనాండీ?" అని అడిగాడు శిక్షణ ఇచ్చే శ్రీనివాసరాజు.

"మీటర్లే అయ్యుంటాయండి," అంది సూర్యకళ.

అంకెలన్నీ ఎక్కించి, నెట్‌లో దొరికిన సముద్రపు పటం పక్కన పెట్టి చూశారు. ఎక్కడా కలవలేదు. పటంలో పది ఉన్నచోట నోటుబుక్కులో ఆరు.

"మాస్టారు సరదాకి రాసుకున్నవేమోనండి. దీన్ని పక్కన పెట్టేసి నెట్‌లో లెక్కలే వాడేద్దాం," అన్నాడు రాజు మెత్తగానే.

సూర్యకళ నోటుబుక్కు మూసి సంచిలో పెట్టుకుంది.

మధ్యాహ్నం కాలేజీ గేటు దగ్గర, పెనుగొండ నుంచి వచ్చిన సంపూర్ణమ్మ టీచరు మల్లెపూలు బేరమాడుతోంది.

"ఏంటమ్మా, ఇదీ ఓ మూరేనా? రేపు మీ ఆయన్ని పంపు, ఆయన చేత్తో కొలిపించుకుంటాను!"

"మా ఆయన చెయ్యి పొడుగేనండి. అప్పుడు రేటూ అంత పొడుగుంటుందండి మరి!" అంది పూలమ్మి.

పక్కనే నిలబడ్డ సూర్యకళ పూలమ్మి మోచేతి వంకే చూస్తూ ఉండిపోయింది. ఆదివారం సాయంత్రాలు సత్యప్రసాద్ భుజాలకు మందు రాయమనేవాడు. తాడు పైకి లాగుతూ, రెండు చేతులూ బారచాపి కొలిచేవాడు. పడవలో టేపు ఎవరు పట్టుకెళ్తారు?

అన్నం తినకుండానే ల్యాబ్‌కి వెళ్లింది.

"రాజుగారూ, అవి మీటర్లు కావండి. బారలు. తప్పు నాదే."

"బార అంటే మనిషికో తీరు కదండీ. ఎంతని వెయ్యమంటారు?"

"మనిషి పొడుగెంతో బారా ఇంచుమించు అంతేనండి." ఆమె నోటుబుక్కు మళ్లీ తీసి బల్లమీద పెట్టింది. "ఆయన ఐదడుగుల ఆరంగుళాలు. నూట అరవై ఎనిమిది సెంటీమీటర్లు వేయండి."

రాజు అంకెలన్నిటినీ హెచ్చవేశాడు. ఆరు, పది అయింది. పది, పదిహేడు దగ్గరికొచ్చింది. రెండు పటాలూ దాదాపు ఒకదానిమీద ఒకటి కూర్చున్నాయి, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర తప్ప.

"ఇక్కడ మాత్రం తేడా ఉందండి."

"నెట్‌లో పటం ఎప్పటిది?"

రాజు వెతికాడు. "తొంభై ఒకటిదండి."

"ఆ తర్వాత అక్కడ ఇసక మేట వేసిందండి. అప్పాజీ పడవ రెండుసార్లు ఇసకకి తట్టుకుంది. చూడండి, ఆయన పక్కనే రాశారు."

రాజు చదివి కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. "అయితే మాస్టారి పటమే కొత్తదండి. నెట్‌ది పక్కన పెడదాం."

ఆఖరి రోజు సూర్యకళ నలభై మందినీ లేపి చేతులు బారచాపమంది. ఒకరి చెయ్యి ఇంకొకరికి తగిలింది. "బాబూ, నా కళ్లజోడు!" అని సంపూర్ణమ్మ కేకేసింది. ఆ నవ్వులు తగ్గాక తెరమీద సముద్రం లోతు రంగురంగులుగా పరుచుకుంది. కింద, ముందురోజు సాయంత్రం ఆమె రెండు వేళ్లతో టైపు చేసిన వరుస ఉంది: కొలిచినవారు, వి. సత్యప్రసాద్, సోషల్ టీచర్. ఒక బార 1.68 మీటర్లు.

పాఠం అయ్యాక అందరికీ జిరాక్సులు కావాలన్నారు. రాజు నోటుబుక్కు కోసం చెయ్యి చాపాడు.

"నేనే వస్తానండి," అంది సూర్యకళ. మిషను దగ్గర నిలబడి, ఒక్కో పేజీ తనే తిప్పింది.